జవాబు రాని దరఖాస్తు



ఉద్యోగాల్లో వివక్ష అనగానే మనం జీతాల తేడాల గురించి, పనిచేసే చోట వేధింపుల గురించి మాట్లాడతాం. అసలు ఉద్యోగమే దొరకని స్త్రీ మన లెక్కలోకి రాదు. ఇంటర్వ్యూకి వెళ్ళి, "తర్వాత కబురు చేస్తాం" అన్న మాట పట్టుకుని తిరిగొచ్చిన ఆమెకు ఆ కబురు రాదు. ఒకప్పుడు సొంత చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరు జతచేయమనేవారు. ఇప్పుడు జవాబివ్వడానికి ఆ స్టాంపు ఖర్చు కూడా లేదు. అయినా జవాబు లేదు.

ఇది కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కాదు. ఈ మౌనం ఎవరికి ఉపయోగపడుతోందన్నదే ప్రశ్న. పెళ్ళెప్పుడు, పిల్లలెంతమంది, రాత్రి డ్యూటీకి మీ ఆయన ఒప్పుకుంటాడా అని ఆడవాళ్ళనే అడుగుతారు. తిరస్కరణకు కారణం కాగితం మీదికి రాదు కాబట్టి వివక్షకు రుజువు మిగలదు. మిగిలేది "నాలోనే ఏదో లోపముంది" అన్న బాధ. "ఇక ప్రయత్నాలు చాలు" అనడానికి ఇంట్లోవాళ్ళకు అదొక సాకు.

నీరా మాథుర్ కేసు గుర్తుచేసుకుందాం. ప్రొబేషన్‌లో ఉన్న ఆమె ప్రసూతి సెలవు తీసుకున్న తర్వాత, 1990లో ఎల్.ఐ.సి. ఆమెను తొలగించింది. కోర్టుకెక్కాక సంస్థ చెప్పిన కారణం, ఆమె గర్భం సంగతి దాచిందని! ఉద్యోగ పత్రంలో బహిష్టు తేదీలు, గర్భస్రావాల వివరాలు అడిగారు. 1991లో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి చేర్చుకోమని ఆదేశించింది, ఆ ప్రశ్నలు తొలగిస్తే మంచిదని సూచించింది. ఆమె చేతిలో సవాలు చేయడానికి ఒక ఉత్తర్వైనా ఉంది. జవాబే రాని అభ్యర్థి దేన్ని సవాలు చేస్తుంది?

నియామకాల్లో స్త్రీల పట్ల వివక్ష కూడదని 1976 నాటి సమాన వేతన చట్టమే చెప్పింది. 2019 వేతనాల కోడ్ కూడా ఆ మాటే చెబుతోంది. 2005 సమాచార హక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థలు తమ నిర్ణయాలకు కారణాలను బాధితులకు తెలపాలి. ప్రైవేటు యజమానికి ఆ బాధ్యత లేదు. కారణం అడిగే హక్కు లేనప్పుడు వివక్షను నిషేధించిన చట్టం కాగితానికే పరిమితమవుతుంది.

కాబట్టి ఇంటర్వ్యూకి వెళ్ళిన ప్రతి స్త్రీ తేదీ, అడిగిన ప్రశ్నలు అదే రోజు రాసిపెట్టుకోవాలి. కారణం కోరుతూ ఉత్తరం రాయాలి. ఆ ఉత్తరాలను మహిళా సంఘాలు ఒకచోట చేర్చాలి. ఒక్కొక్కరి దురదృష్టంగా కనిపించేది అప్పుడే అందరి సమస్యగా బయటపడుతుంది.

స్వచ్ఛంద సంస్థలు కూడా యజమానులే. పల్లె నుంచి బస్సు ఛార్జీలు పెట్టుకుని ఇంటర్వ్యూకి వచ్చిన అమ్మాయికి, ఎందుకు తీసుకోలేదో రెండు వాక్యాలు రాసి పంపడం మన సంస్థలతోనే మొదలుకావాలి.