మన పిల్లలు పీల్చు గాలి
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



పాఠశాల నివేదికను కార్యదర్శిగారు ఇదివరకే చదివియున్నారు. మేము మనవి చేయదలచినది వేరొక విషయము: మన పిల్లలు పీల్చు గాలి.

గాలిలోని ధూళిలో మిక్కిలి హానికరమైనది కంటి కగపడదు. రెండున్నర మైక్రానుల కణము తలవెండ్రుక మందములో సుమారు 30వ వంతు. అది ముక్కులో నిలువక ఊపిరితిత్తుల లోతులకు పోవును. మన దేశప్రమాణము ప్రకారము ఘనమీటరు గాలిలో ఇట్టి ధూళి సంవత్సరపు సగటున 40 మైక్రోగ్రాములు మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దు 5 మాత్రమే.

ఇది యెచ్చటిది? 1952 డిసెంబరులో లండను నగరమును 5 దినములు పొగమంచు కమ్మగా వేలమంది మరణించిరి. ఇండ్లలోని బొగ్గు నిప్పుగూళ్ళు, విద్యుత్కేంద్రములు అందుకు ముఖ్య కారణములు. 1956లో శాసనము చేసి, పొగలేని యింధనమునకు మరలిరి. క్రమముగా నల్లపొగ తగ్గినది. చిత్రమేమనగా, ఆ దేశమున నేడు ఇండ్లలో వెచ్చదనమునకై, వేడుకకై కాల్చు కట్టెలే మరల నొక ముఖ్యకారణమైనవి!

మన దేశమున వంటచెరకు, పిడకలు ఈ ధూళికి పెద్ద కారణములలో నున్నవి. 2016లో ఆరంభమైన ఉజ్జ్వల పథకముచే కోట్లకొలది యిండ్లకు గ్యాసు చేరినది. కాని మరల సిలిండరు కొనలేని యింట కట్టెలపొయ్యి ఆరలేదు. 2020 ఏప్రిలునుండి పెట్రోలు, డీజిలులలో గంధకము పదిలక్షలకు 50 పాళ్ళనుండి 10 పాళ్ళకు తగ్గినది. అయినను బండ్లు పెరిగినవి. టైర్ల అరుగుదల, బ్రేకుల పొడి, రోడ్డుదుమ్ము మంచి యింధనముతో తగ్గునవి కావు. బొగ్గు కాల్చు విద్యుత్కేంద్రముల గంధకవాయువు సైతము గాలిలో మార్పుచెంది ధూళి యగును. ఎన్నూరు వైపు కాపురమున్నవారికి పొగగొట్టముల మాట మేము చెప్పవలసిన పని లేదు.

ఇక మన వాకిటి భోగిమంట. 2018 జనవరి 13న భోగిపొగ కమ్మి చెన్నైలో విమానముల రాకపోకలకు అంతరాయము కలిగినది. తరతరములుగా ఈ గడ్డపై మనవారు నిలుపుకొనిన పండుగను మానుమనుట మా యుద్దేశము కాదు. ఎవరైన మానుమన్నచో వారితో మేమే వాదింతుము. కాని మన తాతలు మంటలో వేసినవి తాటాకులు, పాతచీపుళ్ళు, పిడకలు. పిడకకును పొగ కలదు, కాదనము. టైరు కాలినపుడు వచ్చు మసికి, విషవాయువులకు అది సాటి రాదు.

కావున ఈ భోగికి పాత టైర్లు, ప్లాస్టికు సామాను పిల్లలచే బడికి పంపుడు. నగరపాలక సంస్థవారి బండి కప్పగింతుము. బడి ఆవరణలో మంట యొక్కటే, అదియును చిన్నది. ఉబ్బసముగల పిల్లల పేర్లు తరగతి ఉపాధ్యాయులకు ముందుగా తెలుపవలెను. వారు తెల్లవారుజామున రానక్కరలేదు. సాయంకాలము భోగిపండ్ల వేళకు వచ్చిన చాలును.