శోథము – శిశువు మెదడు

ముల్లు గ్రుచ్చుకొన్నచోట ఎఱ్ఱబడి, వాచి, వేడెక్కి, నొప్పిపెట్టుట మనమందఱ మెఱిగినదే. వైద్యశాస్త్రమున దీనికి శోథమని పేరు. దేహము తన్ను తాను కాపాడుకొను యత్నమిది. ఈ యత్నమే, నిర్మాణము ముగియని శిశువు మెదడునకు ఒక్కొక్కప్పుడు చేటు తెచ్చు విధమును నేడు విన్నవించెదము.

కాలుసేతుల కదలిక పట్టుతప్పు సెరిబ్రల్ పాల్సీకి కష్టప్రసవము, పురిటివేళ ఊపిరాడకపోవుట కారణములని 1861 లో లండనున విలియం జాన్ లిటిల్ చేసిన ప్రసంగము మొదలు వైద్యులు చిరకాలము నమ్మిరి. 1867 లో బెర్లినున ఫిర్కో శిశువుల మెదళ్లలో శోథచిహ్నములను గూర్చి వ్రాసినను ఆ మాట వెనుకబడెను. 1997 లో గ్రెథర్, నెల్సన్ అను పరిశోధకులు కాలిఫోర్నియా శిశువులను గూర్చి ప్రకటించిన పరిశీలన వేరొక దారి చూపినది. తగిన బరువుతో పుట్టిన బిడ్డలలో, ప్రసవమప్పుడు తల్లికి 38 డిగ్రీల సెంటిగ్రేడు మించిన జ్వరమో, ఉమ్మనీటి పొరలకు క్రిమిదోషమో ఉన్నచో, కారణము తెలియని సెరిబ్రల్ పాల్సీ సుమారు 9 రెట్లు అధికముగా కనబడినది. తల్లులు బెదరనక్కరలేదు. మూలసంఖ్యయే మిక్కిలి స్వల్పము. అట్టి బిడ్డలలో అత్యధికులు ఆరోగ్యవంతులే.

విచిత్రమేమనగా, క్రిమి శిశువు మెదడును చేరనే అక్కరలేదు. తల్లి దేహమునను మాయయందును పుట్టు సైటోకైన్లను రసాయనదూతలు చాలును. మెదడున మైక్రోగ్లియా యను కావలికణములు కలవు. మామూలుగా ఇవి నాడీకణముల సంధులను సవరించుచుండును. రేగినచో ఇవి విడుచు పదార్థములు ప్రక్కనున్న లేతకణములను గాయపఱచును. గర్భము 24 నుండి 32 వారముల నడుమ, నాడీతంతువులకు మైలిన్ తొడుగు నల్లవలసిన కణములు ఇంకను లేతవి. అవి నశించినను, ఎదుగుట మానినను తొడుగు పలుచనై సందేశములు మందగించును.

నెలలు నిండక పుట్టిన బిడ్డకు ఈ గండము పురుటితో తీరదు. రక్తమున క్రిములు చేరినను, ప్రేగులు వాచి చెడినను మెదడునకు మరల దెబ్బ తగులును. అట్టి ప్రసవము తప్పదనునప్పుడు తల్లికిచ్చు మెగ్నీషియం సల్ఫేటు సెరిబ్రల్ పాల్సీని కొంత తగ్గించునని 2008 నాటి అమెరికా పరిశోధన తెల్పినది.

మన ఇండ్లలో గర్భిణికి మూత్రమున మంట కలిగినచో, వేడిచేసినదని బార్లీనీరో మజ్జిగయో ఇచ్చి ఊరకుందురు. మజ్జిగకు మేము విరోధులము కాము. కాని ఆ మంట పెక్కుసార్లు క్రిమిదోషము. ఉపేక్షించినచో మూత్రపిండములకు ఎగబ్రాకి, జ్వరమై, నెలలు నిండకయే నొప్పులు తేగలదు. మూత్రపరీక్ష చేయించి, వైద్యుడిచ్చిన మందు చెప్పినన్నాళ్లు వాడిన అది కుదురును. పుట్టిన పిమ్మట తల్లిపాలు పట్టినచో, పైని చెప్పిన ప్రేగుల వ్యాధి చాలవఱకు తగ్గును. బిడ్డ నెత్తుకొనువారు ముందుగా సబ్బుతో చేతులు కడుగుకొనవలెను, చూడవచ్చిన చుట్టములైనను సరే.