మెదడువాపు జ్వరం - పందులు - మన వాడలు

(అనంతపురం జిల్లాలోని ఒక ఎస్సీ కాలనీలో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఊర్లో ఒక కాగితం తిరుగుతా ఉంది. మీలో కొందరు చూసింటారు. వానలు పడినాయి, దోమలు పెరిగినాయి, పిల్లోళ్లకు మెదడువాపు వస్తుంది, కాబట్టి చెరువు కింద గుడిసెలేసుకున్న ఎరుకలోళ్లను పందులతో సహా ఖాళీ చేయించాలని అందులో రాసినారు. ఊరి పెద్దలు సంతకాలు పెట్టేసినారు. ఇప్పుడు మన కాలనీ సంతకాలు కావాలంట. ఎన్నడూ మన సంతకం అడగనోళ్లు మన గడప దాకా వచ్చి అడుగుతా ఉన్నారు. పెట్టేదీ మానేదీ మీ ఇష్టం. పెట్టే ముందు ఈ జబ్బు సంగతేందో రోంత వినండి. నేను డాక్టరును కాను, బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. నాకు తెలిసిన మేరకు చెప్తా.

ఒప్పుకోవాల్సింది ముందే ఒప్పుకుందాం. ఆ కాగితంలో ఉండేదంతా అబద్ధం కాదు. 1999 అక్టోబరు, నవంబరు నెలల్లో మన ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే మెదడువాపు జ్వరం చెలరేగింది. అప్పుడు నేను డిగ్రీ చదువుతా ఉన్నా. జ్వరం వచ్చిన పిల్లోళ్లను బస్సుల్లో, ఎద్దులబండ్ల మీద పెద్దాసుపత్రికి తీసుకపోయేది కళ్లారా చూసినా. ఈ జబ్బును జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అంటారు. దీని వైరస్‌ను 1935లో జపాన్‌లో పట్టుకున్నారు గనక ఆ పేరు. పేరుకు జపాన్‌దే గానీ మనకు కొత్త చుట్టమేమీ కాదు. 1955లోనే మన చిత్తూరు సరిహద్దుకు ఆనుకొని ఉన్న వేలూరులో కనిపించింది.

ఈ వైరస్ ఇల్లు మనిషి కాదు, కొంగ. చెరువుల్లో, వరిమళ్లలో తిరిగే కొంగల ఒంట్లో అది ఊరికే బతుకుతా ఉంటుంది. కొంగను కుట్టిన దోమ పోయి పందిని కుడుతుంది. పంది ఒంట్లో ఆ వైరస్ ఇంతలింతలవుతుంది. పందికి పైకి పెద్దగా జబ్బు కనపడదు. చూడి పంది అయితే ఈసుకపోతుంది, లేదంటే చచ్చిన పిల్లలు పుడతాయి. అంటే పందులు మేపేవాడికి కూడా నష్టమే, ఆ సంగతి ఏ కాగితంలోనూ రాయరు. ఒకసారి సోకిన పందికి ఆ వైరస్‌ను తట్టుకునే శక్తి వస్తుంది. కానీ పంది ఏటా ఈనుతుంది, ఒక్కో ఈతకు బోలెడు పిల్లలు. ప్రతి ఏడాదీ శక్తి లేని కొత్త పిల్లలు దోమకు దొరుకుతాయి. ఆ పందిపిల్లను కుట్టిన దోమ సాయంత్రం చీకటి పడినాక మన పిల్లోణ్ణి కుడుతుంది.

అక్కడితో దారి ఆగిపోతుంది. ఇది బాగా గుర్తు పెట్టుకోండి. మనిషి రక్తంలో ఈ వైరస్ మళ్లీ దోమకు అంటుకునేంతగా పెరగదు. మెదడువాపు వచ్చిన బిడ్డ నుంచి ఇంకో బిడ్డకు రాదు. ఆ ఇంటికి పోవద్దు, ఆ బిడ్డను ముట్టొద్దు అనేదానికి ఏ ఆధారమూ లేదు. ముట్టు, అంటు అనే మాటలు ఎట్లా పుట్టి ఎవరి మీద పడతాయో మనకంటే ఎవరికి తెలుసు?

ఇంక దోమ. ఇది మురిక్కాలవ దోమ కంటే వరిమడి దోమ అనేది సరి. నిలబడిన నీళ్లల్లో, నాటేసిన మళ్లల్లో గుడ్లు పెడుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని సీమలో వరిమడి దోమ యాడిదని అడగొచ్చు. మన వాన పడేదే సెప్టెంబరు, అక్టోబరుల్లో. పడితే చెరువులు నిండుతాయి, చెరువుల కింద, హెచ్చెల్సీ కాలవ కింద వరి నాటుతారు. రోడ్డుకు మట్టి తవ్విన గుంతలు నిండి నెలలు నిలుస్తాయి. కొంగలు దిగుతాయి. ఒకే నెలలో అన్నీ ఒకచోట చేరతాయి. 1999లో ఆ రెండు నెలల్లోనే జ్వరం వచ్చిందంటే అది దేవర కోపం కాదు. ఆ వరి ఎవరిది? మన కాలనీలో ఎంతమందికి మడి ఉంది? ఆ మట్టి గుంతలు తవ్విన కాంట్రాక్టరు ఎవరు? ఆ కాగితంలో కొంగ లేదు, మడి లేదు, గుంత లేదు. పంది ఒక్కటే ఉంది. ఎందుకంటే పంది వెనకాల ఎరుకలోడున్నాడు, వాణ్ణి తరమడం సులువు.

ఈ దోమ కిలోమీటరుకు పైగా ఎగరగలదు. గుడిసెలు పీకి పక్క ఊరి చెరువు కిందికి తోలితే జబ్బు పక్క ఊరి మాదిగవాడకు పోతుంది, అంతే. పందులను ఇండ్లకు దూరంగా పెట్టమని డాక్టర్లు చెప్పేది నిజమే. నేను కాదనను. అయితే దూరంగా పెట్టేదానికి జాగా కావాలి, దొడ్డి కావాలి, దొడ్డికి దోమతెర కావాలి. ఆ జాగా ప్రభుత్వం ఇయ్యాల. తరమడం వేరు, జాగా చూపించడం వేరు. 1927లో మహద్ చెరువు నీళ్లు మనోళ్లు తాగినారని పేడ, గోమూత్రం పోసి ఆ చెరువును శుద్ధి చేసినారు. శుద్ధికీ శుభ్రానికీ ఉండే తేడా బాబాసాహెబ్ అప్పుడే మనకు చూపించినాడు. ఈ కాగితం అడిగేది శుద్ధి.

పంది మీదే కళ్లు పెడితే ఏమవుతుందో మలేషియా కథ చెప్తా. 1998 చివర్లో అక్కడ పందుల ఫారాల్లో పనిచేసేవాళ్లకు మెదడువాపు జ్వరం వచ్చింది. సర్కారు ఇదే జపనీస్ జబ్బు అనుకునింది. దోమల మందు కొట్టించింది, టీకాలేయించింది. జబ్బు ఆగలేదు. టీకా వేసుకున్నోళ్లకూ వచ్చింది. జపనీస్ జబ్బయితే పిల్లోళ్లకు రావాల, ఇక్కడ పడిపోయేది పందులను చేతుల్తో పట్టే పెద్ద మగోళ్లు. ఈ తేడాను సర్కారు సరిగా పట్టించుకోలేదు. 1999 మార్చిలో చువా కావ్ బింగ్ అనే డాక్టరు అది వేరే కొత్త వైరస్ అని తేల్చినాడు. జబ్బు పడిన ఒకాయన ఊరి పేరే దానికి పెట్టినారు, నీపా అని. అది గబ్బిలాల వైరస్. వేల పందులుండే పెద్ద ఫారాలు, వాటి పక్కనే మామిడి చెట్లు. గబ్బిలాలు కొరికి పడేసిన పండ్లు దొడ్లల్లో పడినాయి, పందులు తినినాయి. కూలీలు నూరుమందికి పైగా చచ్చిపోయినారు. 10 లక్షలకు పైగా పందులను చంపినారు. ఆ పందులు సింగపూర్ కబేళాకు పోతే అక్కడ పనిచేసే 11 మందికి సోకి ఒకరు పోయినారు. గబ్బిలం చెట్టును ఫారం పక్కన నాటింది కూలోడు కాదు. అదే నీపా 2018లో కేరళలో కోళికోడ్‌కు వచ్చింది. ఈసారి పంది లేనే లేదు. ఆసుపత్రిలో మనిషి నుంచి మనిషికి పాకి 17 మందిని తీసుకపోయింది. వాళ్లల్లో రోగులకు సేవ చేసిన నర్సు లినీ కూడా ఉంది.

మన రాష్ట్రంలోనే ఇంకొకటి. 2003లో జూన్ నుంచి ఆగస్టు దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లోళ్లు మెదడు జ్వరంతో పడిపోయినారు, 183 మంది పోయినారు. అప్పుడూ మొదట పందుల జ్వరమనే అనుమానం. పరీక్ష చేస్తే చాందీపురా వైరస్. 1965లో నాగపూర్ దగ్గర చాందీపురా ఊర్లో దొరికింది. దాన్ని మోసేది దోమ కంటే చిన్నదైన ఇసుక ఈగ. మట్టిగోడ నెర్రెల్లో, గొడ్ల కొట్టాల్లో ఉంటుంది. మట్టిగోడల ఇండ్లు ఎవరివో నేను చెప్పనక్కరలేదు.

కరోనా గురించి ఎక్కువ చెప్పను. గబ్బిలాల్లో దాని బంధువులు ఉన్నాయి, మనిషికి ఎట్లా ఎక్కిందనే వాదం ఇంకా తెగలేదు. 2020లో బెంగళూరు నుంచి నెత్తిన మూటలతో నడిచొచ్చినోళ్లు ఈ సభలోనే ఉన్నారు. దూరం దూరం అని టీవీలో చెప్పినప్పుడు మా అమ్మ, ఇది మనకు కొత్తగా నేర్పుతారేందిరా అనింది.

మృగాల జబ్బులు మృగాలకు దగ్గరగా పనిచేసేవాడికి మొదట తగులుతాయి. తోలు తీసేవాడికి, పంది మేపేవాడికి, గొర్రెలు కాసేవాడికి. దొమ్మ రోగంతో చచ్చిన గొర్రెను కోయొద్దని మన ముసలోళ్లు చెప్పేవాళ్లు. దొమ్మ వైరస్ కాదు, బాక్టీరియా. దాని విత్తనం మట్టిలో ఏండ్ల తరబడి చావదు. కాబట్టి అట్లాంటిది చస్తే కోయకుండా సున్నమేసి లోతుగా పూడ్చండి, పశువుల డాక్టరుకు చెప్పండి. మొదట మనకే తగులుతుంది గనక మొదటి మందు, మొదటి పరీక్ష మన వాడకే రావాల. అది దయ కాదు.

ఆ కాగితానికి బదులు మనం వేరే అర్జీ రాస్తాం. మట్టి గుంతలు పూడ్చాల. పందులోళ్లకు జాగా, దొడ్లు ఇయ్యాల. మన కాలనీలో ప్రతి ఇంటికీ దోమతెర ఇయ్యాల. ఎరుకల పెద్దలతో నిన్న మాట్లాడినా, వాళ్లు కూడా వేలిముద్రలు వేస్తామన్నారు.

ఇంక ఇంట్లో చేయాల్సింది. ఈ జబ్బును చంపే మందు లేదు. మెదడు దాకా పోతే ప్రతి పదిమందిలో ఇద్దరు ముగ్గురు పోతారు, బతికినోళ్లల్లో చానామందికి చెయ్యో కాలో బుద్ధో దెబ్బతింటుంది. కానీ టీకా ఉంది. మన పక్క కోలారు జిల్లాలో దొరికిన వైరస్ నుంచే హైదరాబాదులో టీకా తయారుచేసినారు, 2013లో అనుమతి వచ్చింది. ఈ జబ్బున్న జిల్లాలని గుర్తించిన చోట ప్రభుత్వమే ఊరికే వేస్తుంది. బిడ్డకు తొమ్మిది నెలలు నిండినాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకొకటి. టీకా కార్డు తీసి జేఈ అనే గడి చూడండి. ఖాళీగా ఉంటే రేపే ఏఎన్ఎమ్మను అడగండి. చదవడం రాకపోతే కార్డు బడికి తీసుకరండి, నేను చూసి చెప్తా.

జ్వరం ఎక్కువై, తలనొప్పి, వాంతులు, ఫిట్స్ వచ్చినా, బిడ్డ పిలిస్తే పలకకపోయినా మంత్రగాని దగ్గరికి పోవద్దు. ఒక పక్కకు తిప్పి పండుకోబెట్టండి, నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి. కాలనీలో ఆటో ఉన్న తమ్ముళ్లు ముగ్గురు ఉన్నారు, ఈ రెండు నెలలు రాత్రిపూట ఫోన్లు ఆపకుండా పెట్టండి.