పొరుగింటి పెద్దల పట్ల మన బాధ్యత

(పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా ఏన్కూరులో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు కరువు భృతి గురించి, మెడికల్ బిల్లుల గురించి చెబుదామనుకున్నాను. ఆ విషయాలు నాకంటే బాగా తెలిసినవారు ఈ వేదిక మీదే ఉన్నారు. అందుచేత మన సభల్లో అంతగా ప్రస్తావనకు రాని ఒక సంగతి మనవి చేస్తాను. అది మన వీధిలోనే ఉంటూ, మనలాంటి పింఛను లేని వృద్ధుల సంగతి.

డిసెంబరు 17వ తేదీని మనం ఎందుకు జరుపుకుంటామో అందరికీ తెలుసు. 1982లో ఆ రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదని, చేసిన సేవకు దక్కే హక్కని తీర్పు చెప్పింది. ఆ తీర్పు మన తల ఎత్తుకునేలా చేసింది. మరి ఈ చుట్టుపక్కల నలభై ఏళ్లపాటు మిరపకాయలు కోసి, పత్తి తీసి, ఎండాకాలం అడవికి వెళ్లి తునికాకు తెచ్చినవారు చేసింది సేవ కాదా? వారికి సర్వీసు రిజిస్టరు లేదు. అంతే తేడా.

వారికి అందేది ఎంతో ఒకసారి చూడండి. 1995 ఆగస్టు 15న కేంద్రం వృద్ధాప్య పింఛను మొదలుపెట్టినప్పుడు నెలకు 75 రూపాయలు. ఆ కేంద్రం వాటా తరువాత 60 నుంచి 79 ఏళ్లవారికి 200, 80 నిండినవారికి 500 అయింది. మన రాష్ట్రంలో 2014 నవంబరులో ఆసరా పేరుతో వృద్ధులకు వెయ్యి రూపాయలు ఇవ్వడం మొదలై, 2019లో అది 2,016 రూపాయలయింది. బియ్యం రేషను మీద వస్తాయి. పప్పు, నూనె, కరెంటు, మందులు అన్నీ ఈ డబ్బులోనే. అది ఒక్క నెల ఆగినా పొయ్యి మీద ప్రభావం పడుతుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటారు. ఎనభై దగ్గర పడింది. నేను అక్కయ్యా అని పిలుస్తాను, ఆమె నన్ను తమ్ముడూ అంటుంది. రోజూ పలకరించుకుంటాం. ఒకరోజు ఇంటికి వచ్చి మా ఆవిడను రెండు వందలు బదులు అడిగింది. ఎప్పుడూ అడగని మనిషి అడిగిందేమిటని ఆరా తీస్తే, మూడు నెలలుగా పింఛను అందలేదని తేలింది. కూలి పనుల్లో అరిగిపోయిన వేళ్లు యంత్రం మీద పడలేదు. మళ్లీ రమ్మన్నారు. రెండుసార్లు వెళ్లి, మూడోసారి ఓపిక లేక మానుకుంది. వేలిముద్ర పడనివారికి వేరే ఏర్పాటు ఉంటుందని ఆమెకు తెలియదు. అంతకంటే బాధాకరమైనది, రక్తపోటు మాత్ర రోజు మార్చి రోజు వేసుకుంటోంది.

“ముందే నాకెందుకు చెప్పలేదు అక్కయ్యా?” అని అడిగాను. “నువ్వు ఆఫీసుల్లో పనిచేసిన మనిషివి తమ్ముడూ, నీకేం పనులుంటాయో అని” అంది.

మిత్రులారా, ముప్పై మూడేళ్లు గుమాస్తాగిరీ చేసి ఎందరి కాగితాలో కదిలించాను. నాలుగిళ్ల అవతలి కాగితం ఆగిపోయిందని నాకు తెలియలేదు. మర్నాడు వెంట వెళ్లి, ఒక అర్జీ రాసి, రెండుసార్లు తిరిగితే పింఛను మళ్లీ మొదలైంది. కానీ ఆ ఏడాదిలోనే ఆమెకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. మాత్రలు మానడం వల్లనేనని డాక్టరు అనలేదు. అయినా ఆ మాట నా మనసులో నుంచి పోవడం లేదు.

హైదరాబాదులో కూలి పని చేసే కొడుకు ఆమెను తీసుకెళ్లాడు. నెల తిరక్కుండానే తిరిగి వచ్చేసింది. అక్కడ వారిది ఒకటే గది. అందరూ పనికి వెళితే సాయంత్రం దాకా పలకరించే దిక్కు లేదు. “నా గుమ్మంలో నేనుంటాను” అంటుంది. వృద్ధాశ్రమం మాట ఎత్తితే కన్నీళ్లు పెట్టుకుంటుంది. తన ఇంట్లోనే ఉంటానన్న ఆమె కోరిక న్యాయమైనదే. అది సాగాలంటే మాత్రం చుట్టూ మనుషులుండాలి.

పట్టణాల్లో ఇది మరీ కష్టం. ఖమ్మంలో స్థిరపడిన మన సభ్యులు తమ పేటలను ఒకసారి గమనించండి. అద్దె గదుల్లో ఒంటరి వృద్ధులు కనిపిస్తారు. వయసు మళ్లినవారికి ఇల్లు ఇవ్వడానికి యజమానులు వెనకాడతారు. అద్దెకున్నవారు చనిపోతే శవాన్ని గుమ్మంలోకి రానివ్వని సంఘటనలు మన రాష్ట్రంలో ఎన్నోసార్లు పత్రికల్లో చదివాం. ఆ భయంతో జబ్బు చేసినా బయటికి చెప్పుకోనివారున్నారు. అటువంటివారికి పొరుగువారి మాట సాయం ఎంతో ధైర్యం.

ఈ పని ఇతరులు చేసి చూపించారు. జపానులో 1917లో ఒకయామాలో మొదలైన పద్ధతి ఒకటుంది. పేటకు కొందరు చొప్పున జీతం లేని సంక్షేమ కార్యకర్తలు ఒంటరి వృద్ధులను చూసి వస్తారు. ఇప్పుడు రెండు లక్షలకు పైగా ఉన్నారు. ఆ ఇంట విన్న సంగతి బయట చెప్పకూడదన్నది వారికి నియమం. మన పక్కనే కేరళలో మలప్పురం ప్రాంతంలో 1990ల చివరి నుంచి, వారానికి కనీసం రెండు గంటలు కేటాయించగల మామూలు మనుషులే శిక్షణ పొంది, మంచాన పడ్డవారి ఇళ్లకు వెళుతున్నారు. రెండు గంటలు మనలో ఎవరికి లేవు?

నా సూచనలు నాలుగు.

1. ప్రతి సభ్యుడు తన వీధిలో ఒంటరిగా ఉన్న ఇద్దరు వృద్ధుల బాధ్యత తీసుకోవాలి. రోజూ ఒక పలకరింపు. ఉదయం తలుపు తెరుచుకోకపోతే వెళ్లి చూడాలి. ఒంటరి స్త్రీల ఇళ్లకు మన విశ్రాంత ఉపాధ్యాయినులు, నర్సులు వెళితే బాగుంటుంది.

2. నెలనెలా పింఛను అందిందా, మందులున్నాయా అని అడగాలి. ఆగితే వెంటనే అర్జీ రాయాలి, వెంట వెళ్లాలి. ఆశా కార్యకర్తకు కబురు చేయాలి.

3. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం గురించి చెప్పాలి. పిల్లలు చూడకపోతే ట్రిబ్యునలుకు దరఖాస్తు చేయవచ్చు. ఒంటరి వృద్ధుల జాబితా ప్రతి పోలీసు స్టేషనులో ఉండాలని, నెలకొకసారైనా వెళ్లి చూడాలని కేంద్రం 2009లో ఇచ్చిన నమూనా నియమావళిలో ఉంది. ఆ జాబితా తయారీకి మనం సాయపడవచ్చు. వృద్ధుల సహాయానికి 14567 అనే ఫోను నంబరు ఉంది. దాన్ని పెద్ద అక్షరాలతో రాసి వారి గోడకు అంటించండి.

4. వారి పాసుపుస్తకం, ఏటీఎం కార్డు మన దగ్గర ఉంచుకోవద్దు. వారు వద్దన్న పని చేయవద్దు. వారు మనకు దరఖాస్తుదారులు కారు, ఇరుగుపొరుగువారు.

ఇవన్నీ చేస్తే ప్రభుత్వం చేయవలసినది మనం చేసినట్లు కాదా అని కొందరు అడగవచ్చు. కాదు. ఇవ్వవలసింది ప్రభుత్వమే. అది చేరిందో లేదో చూసేవాడు పొరుగువాడు. మనకు ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వమని గుర్తు చేయడానికి ఈ సంఘం ఉంది. వారికి గుర్తు చేసేవారెవరు?

అక్కయ్య ఇప్పటికీ తన ఇంట్లోనే ఉంది. వీధిలో నలుగురం వంతులు వేసుకున్నాం. మంగళవారం నాది. ఈ సభ నుంచి వెళ్లేటప్పుడు మీరూ మీ వీధిలో ఒక తలుపు తట్టి వెళ్లవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.