జాబితాలో ఆమె పేరు

(మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



కాందిశీకులకు, నిర్వాసితులకు సహాయ సంస్థలు ఎలా పనిచేస్తాయో చెప్పమని నన్ను పిలిచారు. అంతకంటే ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

1996 నవంబరు 6న కోనసీమను తుఫాను ఊడ్చేసింది. కొద్ది రోజులకు మేం పదిమందిమి బియ్యం, దుప్పట్లు తీసుకుని ఒక ఊరి బడిలో దిగాం. జాబితా రాసే పని నాది. కాగితం మీద గీతలు కొట్టి మొదటి గడిలో 'కుటుంబ పెద్ద' అని రాశాను. అలా రాయమని నాకెవరూ చెప్పలేదు. ఊళ్లో మగవాళ్లు వచ్చి పేర్లు చెప్పారు, సరుకులు తీసుకెళ్లారు. సాయంత్రం అంతా సర్దుకుంటుంటే ఒకామె ఇద్దరు పిల్లలతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. భర్త ఆమెను వదిలేసి ఏడాదయింది. అతనే పొద్దున వచ్చి నలుగురి పేరు మీద బియ్యం పట్టుకుపోయాడు. "నా పేరు ఎక్కడా లేదా అమ్మా?" అని అడిగింది. మా లెక్కలో ఆమెకు సాయం అందింది. ఆమె చేతిలో మాత్రం ఏమీ లేదు.

మేం చిన్నవాళ్లం, తెలియక చేశాం అనుకోవచ్చు. కానీ ప్రపంచంలోకెల్లా పెద్ద సహాయ సంస్థలు కూడా చాలాకాలం ఇదే పని చేశాయి.

ఐక్యరాజ్య సమితి కాందిశీకుల హైకమిషన్ సంగతే తీసుకోండి. రెండో ప్రపంచ యుద్ధం వల్ల చెల్లాచెదురైన యూరప్ ప్రజల కోసం 1950 డిసెంబరులో, మూడేళ్ల పనికని దాన్ని ఏర్పాటు చేశారు. అది నేటికీ పనిచేస్తూనే ఉంది. 1951 నాటి ఒడంబడిక దానికి ఆధారం. జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయాభిప్రాయం - ఈ ఐదింటిలో దేనివల్లనైనా హింసకు గురవుతామనే భయంతో దేశం దాటిన వారు కాందిశీకులని ఆ ఒడంబడిక చెబుతుంది. ప్రాణభయం ఉన్న చోటికి వారిని తిరిగి పంపకూడదన్నది దానిలోని మూలసూత్రం.

ఆ ఐదింటిలో స్త్రీ అయినందుకు జరిగే హింస లేదు. భర్త రాజకీయాల్లో ఉంటే అతను కాందిశీకుడు, ఆమె అతని వెంట వచ్చిన భార్య. సైనికులు ఆమె మీద చేసిన అత్యాచారం 'సొంత విషయం' అయిపోయేది. స్త్రీలు పట్టుబట్టి అడిగాకే ఇది కదిలింది. హైకమిషన్ 1991లో కాందిశీక స్త్రీల రక్షణకు మార్గదర్శకాలు తెచ్చింది. అప్పటి హైకమిషనర్ సడాకో ఒగాటా, ఆ పదవికి వచ్చిన మొదటి మహిళ. 1993లో కెనడా, స్త్రీలపై హింసను ఆశ్రయం ఇవ్వడానికి కారణంగా ఎలా చూడాలో తన అధికారులకు రాతపూర్వకంగా చెప్పింది. 2001లో హైకమిషన్ స్త్రీలకు ఐదు హామీలిచ్చింది: ప్రతి స్త్రీనీ విడిగా నమోదు చేసి ఆమె పేరుతో కాగితం ఇవ్వడం, శిబిరాల కమిటీల్లో స్త్రీలకు చోటు, ఆహార పంపిణీలో స్త్రీల చేయి, లైంగిక హింసను ఎదుర్కొనే ఏర్పాట్లు, నెలసరికి కావలసిన గుడ్డలు.

చివరి హామీ వినగానే కొందరు నవ్వుతారు. గుడ్డ లేక ఆ ఐదురోజులూ గుడిసెలోంచి బయటకు రాలేని స్త్రీ ఏ పంపిణీ వరుసలో నిలబడుతుంది, ఏ కమిటీలో మాట్లాడుతుంది?

దేశం దాటకుండా, ఇల్లూ ఊరూ పోగొట్టుకున్న నిర్వాసితుల మాటేమిటి? వాళ్లకు 1951 ఒడంబడిక వర్తించదు. 1998లో ఐక్యరాజ్య సమితి వాళ్ల కోసం మార్గదర్శక సూత్రాలు తెచ్చింది. యుద్ధం, ప్రకృతి వైపరీత్యం, ప్రజాప్రయోజనం లేని భారీ ప్రాజెక్టులు, అన్నిటికీ అవి వర్తిస్తాయి. సరుకుల పంపిణీలో, ప్రణాళికలో స్త్రీలు పూర్తిగా పాల్గొనాలని, ధృవపత్రాలు స్త్రీల సొంత పేరుతో ఇవ్వాలని అందులో స్పష్టంగా ఉంది. అది చదివినప్పుడు నాకు ఆ బడి గుమ్మమే గుర్తొచ్చింది.

పత్రం రాసినంత మాత్రాన పని జరగదు. 2017 ఆగస్టు నుంచి కొద్ది నెలల్లోనే ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు మయన్మార్ వదిలి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ ప్రాంతానికి చేరారు. అక్కడ బియ్యం ఇచ్చారు, వంటచెరకు సంగతి మొదట సరిగా పట్టించుకోలేదు. ఆడవాళ్లు, ఆడపిల్లలు పుల్లల కోసం అడవిలోకి వెళ్లి దాడులకు గురయ్యారు. 2018లో గ్యాస్ బండలు ఇవ్వడం మొదలుపెట్టాక ఆ నడక తగ్గింది, అడవి నరకడమూ తగ్గింది. స్త్రీ రక్షణ అంటే పోలీసు పహరా ఒక్కటే అనుకుంటాం. పొయ్యిలోకి ఏం పెడుతుందో అడగడం కూడా రక్షణే.

హైకమిషన్ విమర్శకు అతీతం కాదు. 1991-92లో కూడా సుమారు రెండున్నర లక్షల మంది రోహింగ్యాలు బంగ్లాదేశ్ వచ్చారు. తర్వాతి సంవత్సరాల్లో వారిని తిప్పి పంపినప్పుడు, అది వారి ఇష్టంతో జరగలేదని పలు సంస్థలు నిలదీశాయి. ఇంటి మగవాడు వెళతానంటే భార్య కూడా ఒప్పుకున్నట్టేనా? ఈ ప్రశ్న ప్రతి పునరావాసంలోనూ వేయాలి. పైగా హైకమిషన్ నడిచేది చాలావరకు దేశాలిచ్చే విరాళాల మీద. 2025లో నిధులు తగ్గి అది వేల ఉద్యోగాలు తీసేసింది. అలాంటప్పుడు ముందు కోతపడేది స్త్రీల కార్యక్రమాలకే కాకుండా చూడాలి.

ఇక మన హైదరాబాదు. బాలాపూర్ ప్రాంతంలో రోహింగ్యాల గుడిసెలున్నాయి. భారతదేశం 1951 ఒడంబడిక మీద సంతకం చేయలేదు. హైకమిషన్ ఇచ్చిన గుర్తింపు కార్డు ఉన్నా రేషను రాదు, ఉద్యోగ హక్కూ లేదు. భర్త కొడితే ఒక చెల్లెలు ఠాణాకు వెళ్లింది. "ఆధార్ ఏది?" అన్నారు. కార్డు చూపిస్తే తిప్పి చూసి వెనక్కి ఇచ్చేశారు. మర్నాడు మేం నలుగురం కలిసి వెళ్లాం. 2005 గృహహింస చట్టం 'ఏ స్త్రీ అయినా' అంటుంది, పౌరురాలు అనలేదు. ఆ మాట చట్టంలో చూపించాక ఫిర్యాదు రాసుకున్నారు. రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే ప్రాణరక్షణ పౌరులు కాని వారికీ ఉందని 1996లో చక్మాల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెండు మాటలూ మీ సంచిలో పెట్టుకోండి.

"మనవాళ్లకే దిక్కులేదు, వీళ్లెందుకు?" అని మిమ్మల్ని అడుగుతారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాక మన కోస్తా జిల్లాల కూలీలు ఎందరో కాలినడకన బయల్దేరారు. కొందరు వచ్చింది ఈ రోహింగ్యాల అరకాన్ మీదుగానే. దారిలో కలరాతో, ఆకలితో ఎందరో పోయారు. 1960లలో మళ్లీ బర్మా వదిలి వచ్చినవాళ్ల గుర్తుగా విశాఖలో బర్మా క్యాంపు ఉంది. వాళ్లను ఎవరైనా ఇదే ప్రశ్న అడిగి ఉంటే మనకు ఎలా ఉంటుంది?

మీరు రేపు వరద ఊరికో, ముంపు ఊరికో, బాలాపూర్‌కో వెళతారు. కాగితం మీద మొదటి గడిలో 'కుటుంబ పెద్ద' అని రాయకండి. పెద్దవయసు స్త్రీ ప్రతి ఒక్కరి పేరూ విడిగా రాయండి. మగవాళ్లు లేని చోట కూచోబెట్టి ఆమెతో మాట్లాడండి. సరుకు ఎవరి చేతిలో పెట్టారో రాసుకోండి. వారం తర్వాత మళ్లీ వెళ్లి అది ఆమె పొయ్యి దాకా చేరిందో లేదో కనుక్కోండి. ఆ కోనసీమ తల్లికి మేం మర్నాడు బియ్యం ఇచ్చాం. కానీ ఆమె పేరు అడిగి రాసుకోలేదు. అందుకే ఇవాళ మీకు చెప్పలేకపోతున్నాను.