పట్టు గొడుగు నుంచి నైలాన్ రెక్క దాకా



విమానం కూలిపోతుంటే పారాచూట్‌తో దూకి ప్రాణం దక్కించుకున్నవాళ్లకు ఒక సంఘం ఉంది. పేరు క్యాటర్‌పిల్లర్ క్లబ్. 1922లో మొదలైంది. పారాచూట్లు తయారుచేసే ఇర్విన్ కంపెనీ ఒక్కో సభ్యుడికీ గొంగళిపురుగు ఆకారంలో చిన్న బంగారు పిన్ను ఇచ్చేది. ఆ పురుగు పట్టుపురుగే. ప్రాణం నిలబెట్టిన గుడ్డ దాని నోట్లోంచి వచ్చిన దారమే కాబట్టి గౌరవం కూడా దానికే దక్కింది. మేట్టుపాళయం అటవీ కళాశాలలో పట్టుపురుగుల శాస్త్రం చదివి బయటికి వెళ్తున్నవాళ్లకు పారాచూట్ల కథ చెప్పడానికి ఆ పిన్ను ఒక్కటి చాలు.

ఈ చుట్టుపక్కల నేలకూ ఆ కథతో బంధుత్వం ఉంది. మల్బరీ తోటలకు పేరుపడ్డ కొల్లేగాలం 1956 దాకా కోయంబత్తూరు జిల్లాలోనే ఒక తాలూకా. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పారాచూట్ల కోసం పట్టుకు గిరాకీ పెరిగి, దాని పక్కనున్న మైసూరు సీమ పరిశ్రమ ఒక్కసారిగా ఊపందుకుంది. ఇక్కడికి కూతవేటు దూరంలో ఉన్న సిరుముగైలో మెత్తని పట్టుచీరలు నేస్తారు. కోయంబత్తూరు ప్రాంతపు దేవాంగుల ఇళ్లలో మగ్గం చప్పుడుతో పాటు కన్నడం, తెలుగు రెండూ వినిపిస్తాయి. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్స్ పెట్టినప్పటి నుంచి ఈ ఊళ్ల తెలుగు కుటుంబాలు నూలుతోనే బతికాయి, నూలుతోనే ఎదిగాయి. దారం తెగితే ఏమవుతుందో ఇక్కడ ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

పారాచూట్‌కు పట్టునే ఎందుకు ఎంచుకున్నారు? ఒక మంచి బైవోల్టైన్ (ఏడాదికి రెండు తరాల పురుగు) గూడును వేడినీళ్లలో వేసి, బ్రష్షుతో కొస పట్టుకుంటే దాదాపు వెయ్యి మీటర్ల పొడవున ఒకే పోగు వస్తుంది. దారం సన్నదనాన్ని కొలిచే డెనియర్ల లెక్కలో దాని మందం రెండు మూడుకు మించదు. అలాంటివి ఎనిమిదో తొమ్మిదో కలిపితేనే 20–22 డెనియర్ల ముడిపట్టు దారమవుతుంది. ఆ దారంతో నేసిన గుడ్డ పల్చగా ఉంటుంది, బరువు తక్కువ, గట్టిదనం ఎక్కువ. మడిస్తే చిన్న మూటలో ఇమిడిపోతుంది, వదిలితే ఎగిసి విచ్చుకుంటుంది. ఒక మనిషిని దించడానికి 28 అడుగుల వ్యాసంతో గొడుగు కావాలి. అంటే పరిస్తే సుమారు 57 చదరపు మీటర్ల గుడ్డ. అంత గుడ్డ వీపు మీద మోయాలంటే ఆ రోజుల్లో పట్టుకు సాటి వచ్చేది లేదు.

1919 ఏప్రిల్ 28న అమెరికాలో డేటన్ దగ్గరి మెకుక్ ఫీల్డ్‌లో లెస్లీ ఇర్విన్ విమానం నుంచి దూకి, గాల్లో పడుతూ తన చేత్తోనే రిప్‌కార్డ్ లాగి పారాచూట్ తెరిచాడు. నేల తాకేటప్పుడు చీలమండ విరిగింది. ఆ గాయం గురించి ఆలోచించాలి. గుండ్రటి గొడుగు గాలిని ఆపుతుందే తప్ప ఎటూ నడవదు. సెకనుకు ఐదారు మీటర్ల వేగంతో, గాలి ఎటు తోస్తే అటు దించేస్తుంది. చెట్టు మీదా, బండ మీదా అని ఎంచుకునే వీలు మనిషికి లేదు. అంతకు వందేళ్లకు పైగా ముందే, 1797లో, పారిస్‌లో బెలూన్ నుంచి దిగిన గార్నెరాన్ గొడుగుకు నడినెత్తిన రంధ్రం లేక అది అటూ ఇటూ భయంకరంగా ఊగింది. నెత్తిన రంధ్రం పెట్టాక ఊగడం తగ్గింది. దారి ఎంచుకోవడం మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం చేతకాలేదు.

పట్టుకూ ఇబ్బందులున్నాయి. చెమ్మ తగిలితే బూజు పడుతుంది, పురుగు కొడుతుంది, ఎండకు బలం తగ్గుతుంది. అందుకే ఆనాటి వైమానిక స్థావరాల్లో ఎత్తైన గదులు కట్టి, పారాచూట్లను విప్పి పైనుంచి వేలాడదీసి ఆరబెట్టి, మళ్లీ మడిచేవారు. అయినా పట్టు ఓడిపోయింది ఆ లోపాల వల్ల కాదు. సరఫరా తెగిపోవడం వల్ల.

అమెరికాకు కావలసిన పట్టులో అత్యధిక భాగం జపాన్ నుంచే వచ్చేది. 1941 వేసవిలో ఆ వ్యాపారం ఆగిపోయింది. అప్పటికే వాలెస్ కరోథర్స్ 1935లో డ్యూపాంట్ ప్రయోగశాలలో తయారుచేసిన నైలాన్, ఆడవాళ్ల మేజోళ్ల రూపంలో బజారుకొచ్చింది. 1942 జూన్ 6న కనెటికట్ రాష్ట్రం హార్ట్‌ఫోర్డ్‌లో అడెలీన్ గ్రే అనే యువతి నైలాన్ పారాచూట్‌తో దూకి క్షేమంగా దిగింది. మనిషి నైలాన్‌ను నమ్ముకుని దూకడం అదే మొదటిసారి. ఆమె పనిచేసిన పయొనీర్ పారాచూట్ కంపెనీ ఎవరిది? పేరుమోసిన చెనీ బ్రదర్స్ పట్టుమిల్లువాళ్లు పెట్టినది. పట్టు నేయడం, కోయడం, కుట్టడం తెలిసినవాళ్లే దాని స్థానంలోకి వచ్చిన గుడ్డను కూడా ముందుగా పట్టుకున్నారు. పట్టు చదువు పట్టాతో ఉద్యోగాలకు బయల్దేరేవాళ్లు ఈ ఒక్క సంగతి జ్ఞాపకం ఉంచుకోవాలి.

నైలాన్ పోగు ఎంత పొడవు తీసినా ఒకే మందం. చెమ్మకు కుళ్లదు, బూజు తినదు. తెరుచుకునే క్షణంలో కాస్త సాగి, ఆ కుదుపును తనలోకి తీసుకుంటుంది. ఎండకు ఇదీ బలహీనపడుతుంది, రాపిడి వేడికి కరుగుతుంది. తర్వాత దాంట్లో అడ్డంగా నిలువుగా కొంత దూరానికొక బలమైన పోగు వేసి నేయడం మొదలైంది. చిరుగు మొదలైతే ఆ గడి దగ్గరే ఆగాలని. దానికే రిప్‌స్టాప్ అని పేరు.

మన దేశంలో ఆ యుద్ధకాలపు కథ ఇంకో దారి తొక్కింది. కాన్పూర్‌లో పారాచూట్ కర్మాగారం 1941లో వచ్చింది. అదే ఏడాది ఢిల్లీలో పారాచూట్ దళం ఏర్పడింది. మద్రాసు ప్రాంతానికి చెందిన వైద్యాధికారి ఎ.జి. రంగరాజ్, హవల్దార్ మేజర్ మథురా సింగ్ భారత సైన్యంలో పారాచూట్‌తో దూకిన తొలి భారతీయులు. బ్రిటిష్ పద్ధతిలో వాళ్లకు రిజర్వ్ పారాచూట్ ఉండేది కాదు. వీపు మీది ఒక్కటి తెరుచుకోకపోతే అంతే. ఆ రంగరాజే పదేళ్లకు, 1951 మార్చి 23న, కొరియాలో తన 60వ పారా ఫీల్డ్ ఆంబులెన్స్ సహచరులతో అమెరికన్ దళాల పక్కన మళ్లీ దూకాడు. ఇంకోవైపు, బర్మా యుద్ధరంగంలో సరుకులు దించడానికి పారాచూట్లు చాలక బ్రిటిష్ జనరల్ స్లిమ్ కలకత్తా జనపనార మిల్లుల్ని ఆశ్రయించాడు. జనపనారతో కుట్టిన ఆ పారాచూట్లు మామూలు వాటి ధరలో ఇరవయ్యో వంతుకే వచ్చాయి. మనుషులకు కాదు గానీ, బియ్యం మూటలకూ తూటాల పెట్టెలకూ బాగానే పనికొచ్చాయి.

యుద్ధం ముగిశాక సరదాకు దూకినవాళ్లు సైన్యం అమ్మేసిన పాత సామానే కొనుక్కున్నారు. వీపున మెయిన్, పొట్ట మీద రిజర్వ్, ఒంటికి కట్టుకునే బరువైన హార్నెస్. గొడుగు వెనక భాగంలో గుడ్డ కోసి కిటికీలు పెడితే గాలి అటు పోయి కాస్త ముందుకు నడిచేది. పయొనీర్ కంపెనీయే 1960లలో తెచ్చిన పారా కమాండర్ ఆ పద్ధతికి శిఖరం.

అసలు ప్రమాదం గొడుగులో కన్నా భుజం దగ్గర ఉండేది. మెయిన్ చిక్కుపడితే దాన్ని వదిలించుకుని రిజర్వ్ తెరవాలి. మెయిన్‌ను హార్నెస్‌కు కలిపే పాత కేప్‌వెల్ కొక్కేలకు రెండు భుజాల మీదా మూతలు. ఒక్కో మూత తెరిచి, లోపలి తీగనో బొత్తాన్నో లాగాలి. గిరగిరా తిరుగుతూ పడిపోతున్న మనిషి వేళ్లతో చేయాల్సిన పని అది. ఒక పక్క ఊడి రెండో పక్క ఊడకపోతే పరిస్థితి మరింత దిగజారేది.

1970లలో బిల్ బూత్ దీనికి మందు కనిపెట్టాడు. ఒకదానిలోంచి ఒకటి దూర్చిన మూడు లోహపు రింగులు. పెద్దది హార్నెస్‌కు, మిగతా రెండూ పారాచూట్ పట్టీకి. పెద్ద రింగులోంచి నడిమి రింగు, దాంట్లోంచి చిన్న రింగు మడత పడతాయి. చిన్న రింగును పట్టి ఉంచేది వేలెడు దారపు ఉచ్చు. ఆ ఉచ్చులోంచి పోయేది నున్నటి పసుపు తీగ. మనిషి బరువు, తెరుచుకునే కుదుపు అంతా ఒక్కో రింగు దగ్గర పలు వంతులు తగ్గుతూ వచ్చి, ఆ చిన్న ఉచ్చు మీద కొద్దిపాటి లాగుడే మిగులుతుంది. ఒక పిడి లాగితే రెండు భుజాల తీగలూ ఒకేసారి జారి, రింగులు వాటంతటవే విడిపోతాయి. విద్యుత్తు లేదు, స్ప్రింగు లేదు, మూత లేదు. పారాచూట్ల చరిత్రలో గొప్ప ఆవిష్కరణ ఏదంటే చాలామంది చదరపు రెక్కను చూపిస్తారు. నిజానికి ఆ మర్యాద ఈ మూడు రింగులకే దక్కాలి. ఎన్ని ప్రాణాలు వాటి మీద వేలాడాయో లెక్కపెట్టడం కూడా కష్టం.

చదరపు రెక్క కథ గాలిపటాల దగ్గర మొదలైంది. ఫ్లోరిడాలో గాలిపటాలు చేసే డొమినా జాల్బర్ట్ 1964లో పారాఫాయిల్‌కు పేటెంట్ దరఖాస్తు చేశాడు. దిండు గలీబులు పక్కపక్కన పెట్టి కుట్టినట్టు ఉంటుంది. ముందు నోళ్లు తెరిచి, వెనక మూసి. గాలి ముందు నుంచి దూరి గుడ్డను ఉబ్బిస్తే అది విమానపు రెక్క ఆకారం తెచ్చుకుంటుంది. కిందికి మీటరు దిగేలోపు ముందుకు రెండున్నర, మూడు మీటర్లు పోతుంది. దిగే ముందు చేతుల్లోని రెండు తాళ్లూ కిందికి లాగితే వేగం దాదాపు పూర్తిగా చచ్చి, మనిషి నడిచి వచ్చినట్టు నేల మీద నిలబడతాడు. తొలి రోజుల్లో ఈ రెక్క తెరుచుకునే కుదుపు భరించలేనంతగా ఉండేది. తాళ్ల మధ్య నాలుగు కళ్లున్న ఒక చిన్న గుడ్డముక్కను జారనిచ్చారు. గాలికి అది నెమ్మదిగా కిందికి జారుతుంటే రెక్క మెల్లగా విప్పారుతుంది. స్లైడర్ అంటారు. సిలికోన్ పూసిన, గాలి చొరబడని గుడ్డ 1980లలో వచ్చాక రెక్కలు ఇంకా చిన్నవయ్యాయి. అనుభవజ్ఞుడి రెక్క ఇవాళ పది, పదిహేను చదరపు మీటర్లే.

స్పృహ తప్పితే? భయంతో చెయ్యి బిగుసుకుంటే? జర్మనీకి చెందిన హెల్ముట్ క్లోత్ 1991లో సైప్రెస్ అనే పరికరం తెచ్చాడు. అరచేతిలో పట్టేంత పెట్టె, లోపల గాలి ఒత్తిడిని చూసే కంప్యూటర్. నేలకు సుమారు 225 మీటర్ల ఎత్తులో మనిషి ఇంకా సెకనుకు 35 మీటర్లకు పైగా వేగంతో పడుతుంటే, రిజర్వ్ సంచిని మూసి ఉంచిన ఉచ్చును అదే కోసేస్తుంది. ఇప్పుడు రిజర్వ్ కూడా పొట్ట మీద లేదు, వీపు మీదే మెయిన్‌కు పైన ఉంటుంది. అమెరికాలో దాన్ని పారాచూట్లు మడవడానికి లైసెన్సున్న రిగ్గర్ మాత్రమే 180 రోజులకొకసారి విప్పి, పరీక్షించి, మళ్లీ మడిచి, సీలు వేసి, కార్డు మీద తేదీ, సంతకం పెట్టాలి.

ఫలితం? 2023లో అమెరికాలో 36 లక్షలకు పైగా జంపులు జరిగితే పది మంది చనిపోయారు. 1970లలో జంపులు ఇంతకన్నా చాలా తక్కువ, మరణాలు మాత్రం ఏటా సగటున నలభైకి పైనే. అయితే ఈనాటి మరణాల్లో గణనీయమైన భాగం పారాచూట్ చక్కగా తెరుచుకున్నాక జరుగుతున్నవి. చిన్న రెక్కతో నేలకు దగ్గరగా వేగంగా మలుపు తిప్పి, ఎత్తు అంచనా తప్పి ప్రాణం పోగొట్టుకుంటున్నారు. పాత గొడుగుకు ఆ వేగం లేదు, కాబట్టి ఆ చావూ లేదు. సామాను మెరుగైన కొద్దీ శిక్షణ పెరగాలి తప్ప తగ్గకూడదని దూకడం నేర్పేవాళ్లు పట్టుబట్టడం పూర్తిగా న్యాయం.

తెలుగునాట ఈ విద్య ఇప్పుడు శ్రీహరికోట తీరంలో పరీక్షకు నిలిచింది. 2025 ఆగస్టు 24న చినూక్ హెలికాప్టర్ దాదాపు ఐదు టన్నుల గగన్‌యాన్ నమూనా క్యాప్సూల్‌ను మూడు కిలోమీటర్ల ఎత్తు నుంచి వదిలింది. వ్యోమగాముల్ని దించే ఆ ఏర్పాటులో మొత్తం పది పారాచూట్లు. మూత తొలగించేవి రెండు, వేగం తగ్గించి నిలకడ తెచ్చే డ్రోగ్‌లు రెండు, పెద్దవాటిని లాగే పైలట్ పారాచూట్లు మూడు, 25 మీటర్ల వ్యాసం గల ప్రధాన పారాచూట్లు మూడు. ఆగ్రాలోని డీఆర్‌డీఓ ప్రయోగశాల వీటిని రూపొందించింది. మూడింట్లో రెండు తెరుచుకున్నా చాలు. మూడోది, ఒకటి విఫలమవుతుందన్న లెక్కతో పెట్టింది. ఇక్కడ మళ్లీ గుండ్రటి గొడుగులే. క్యాప్సూల్ సముద్రంలో ఎక్కడ పడినా నౌకాదళం వెతికి తెస్తుంది, దానికి రెక్క కన్నా నమ్మకం ముఖ్యం. పాతదంతా పనికిరానిది కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇక పట్టు సంగతి. ఆకాశంలో దాని పని నైలాన్‌కు పోయింది. గాయాలు కుట్టే దారంగా అది ఆసుపత్రుల్లో ఇప్పటికీ ఉంది. కోయంబత్తూరులో 1956లో పుట్టిన సిట్రా అనే వస్త్ర పరిశోధన సంస్థలో వైద్య వస్త్రాల కోసం ప్రత్యేక కేంద్రమే నడుస్తోంది. ఈ పట్టభద్రుల్లో కొందరు అటు వెళ్లొచ్చు, కొందరు ధర్మపురి, హొసూరు వైపు రీలింగ్ యూనిట్లకు వెళ్లొచ్చు. ఎక్కడికి వెళ్లినా ఒక చిన్న పని మొదలుపెట్టమని వేడుకోలు. రిజర్వ్ పారాచూట్ జేబులో ఉండే కార్డు లాంటిది, ప్రతి పట్టుగూళ్ల లాటుకూ రాయించండి. గుడ్లు ఏ కేంద్రం నుంచి వచ్చాయి, ఆకు ఏ తోటది, గూళ్లు ఏ రోజు కోశారు, ఎవరు ఆరబెట్టారు. రీలింగ్ బేసినులో దారం పదే పదే తెగుతుంటే ఆ కార్డు పట్టుకుని రైతు షెడ్డు దాకా వెనక్కి వెళ్లి, పురుగు ఏ జ్వరంలో (పొర విడిచే దశలో) ఉన్నప్పుడు తేడా వచ్చిందో కూర్చుని మాట్లాడవచ్చు.