ప్లేటు వేస్తే ఎముక అతికినట్టేనా?

నేను డాక్టర్ని కాను, సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని. నిరుడు చలికాలంలో మంచు మీద జారిపడితే టిబియా, అంటే మోకాలి కిందుండే పెద్ద ఎముక, మోకాలి కీలు దగ్గరే విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటూ స్క్రూలూ వేశారు.

ఫోన్లో అమ్మ మొదటి ప్రశ్న: "మనవాళ్ళందరికీ రాడ్డే వేశార్రా, నీకు ప్లేటెందుకు?" ఎముక నడిమధ్యలో విరిగితే సాధారణంగా మూలుగు ఉండే గొట్టంలోకి రాడ్డు దించుతారు. కీలు పక్కన విరిగిన చిన్న ముక్కని రాడ్డు గట్టిగా పట్టలేదు. పైగా కీలు ముఖం నున్నగా కుదరాలి. అందుకే ప్లేటు.

రెండో ప్రశ్న: "స్టీలు పడిందిగా, ఇంక నడవచ్చుగా నాన్నా?" అసలు చిక్కు ఇక్కడే. ప్లేటు ఎముకని అతికించదు. ఎముక తనంతట తాను అతుక్కునేదాకా కదలకుండా పట్టుకుంటుంది, అంతే. తొందరపడి బరువు మోపితే స్క్రూలు వదులవచ్చు, ప్లేటే విరగొచ్చు. నాకు 12 వారాలు చంకకర్రలే గతి అయ్యాయి.

సిగరెట్టు అలవాటుంటే మానాలి, పొగ వల్ల అతుకు ఆలస్యమవుతుంది. కుట్ల దగ్గర ఎర్రబడినా, చీము కారినా వెంటనే డాక్టరుకి చెప్పాలి. కాలు బిగుసుకుపోయి, మందులకి లొంగకుండా నొప్పి పెరుగుతుంటే అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకి వెళ్ళాల్సిందే.

ఊళ్ళో నాన్నగారికైనా, ఇక్కడ మీకైనా ప్లేటు వేస్తే సర్జన్ని ఒక్క మాట అడగండి: "ఎప్పటినుంచి, ఎంత బరువు మోపచ్చు?" జవాబు కాగితం మీద రాయించుకోండి.